కత్తిలాంటి కత్తి ఏది?
మార్కెట్‌లో కటానాలకు కొదవ లేదు. వాటిలో పనికొచ్చేదాన్ని పోల్చుకోవడం, కొన్నాక పాడవకుండా నిలుపుకోవడమే కష్టం

అమెరికాలోని ఒక హోమ్ షాపింగ్ చానెల్‌లో 2000ల తొలినాళ్లలో ప్రసారమైన కార్యక్రమమది. అమ్మకానికి పెట్టిన కటానా ఎంత గట్టిదో చూపడానికి ప్రదర్శకుడు దాన్ని బల్లకేసి కొట్టాడు. కత్తి విరిగింది. మొన ఎగిరొచ్చి అతనికే గుచ్చుకుంది. ఆ దృశ్యం తర్వాత ఇంటర్నెట్‌కెక్కి లెక్కలేనంత మందిని నవ్వించింది. కత్తుల గురించి తెలిసినవారికి మాత్రం అందులో నవ్వాల్సిందేమీ కనిపించలేదు. గోడకు తగిలించుకోవడానికి చేసిన స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను ఆయుధమని నమ్మితే జరిగేది అదే.

కటానాపై మోజు కొత్తదేమీ కాదు. 2003లో విడుదలైన కిల్ బిల్, ద లాస్ట్ సామురాయ్ సినిమాలు దాన్ని ఇంకాస్త రాజేశాయి. ఇప్పుడు కొన్ని వేల రూపాయలు పెట్టినా కటానా దొరుకుతుంది, లక్షలు పెట్టినా దొరుకుతుంది. ఫొటోల్లో రెండూ ఒకేలా తళతళలాడుతుంటాయి. పెద్దసంఖ్యలో వస్తున్నవి జపాన్ నుంచి కాదు, చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఉన్న లోంగ్‌చువాన్ నుంచి. ఖడ్గాల తయారీలో ఆ ఊరికి శతాబ్దాల చరిత్ర ఉంది కాబట్టి చైనా సరుకంటే నాసిరకమేనని కొట్టిపారేయడానికి వీల్లేదు. పనికొచ్చే కత్తులు, పనికిరానివి ఆ ఊళ్లోనే పక్కపక్క కొలిముల్లో తయారవుతాయి. చిక్కంతా అక్కడే ఉంది.

అదే కత్తిని జపాన్‌కు తీసుకెళ్తే కథ వేరు. అక్కడ 1958 నాటి తుపాకులు, ఖడ్గాల నియంత్రణ చట్టం ప్రకారం ప్రతి అసలు కత్తికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. విచిత్రమేమంటే ఆ పత్రం ఇచ్చేది పోలీసులు కాదు, ప్రిఫెక్చర్ విద్యామండలి. ఎందుకంటే చట్టం దృష్టిలో అది కళాఖండం, సంప్రదాయ పద్ధతిలో లైసెన్సున్న కమ్మరి చేసినది. ఫ్యాక్టరీ ఉక్కుతో, యంత్రాలపై చేసిన కత్తి ఎంత పదునుగా ఉన్నా ఆ నిర్వచనంలోకి రాదు, కనుక దేశంలో ఉండటానికీ వీల్లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం కోసం భారీగా తయారైన కత్తులకూ ఇదే గతి. ఓ మాజీ అమెరికన్ సైనికుడి ఇంట్లో గోడకున్న అలాంటి కత్తిని అతని వారసులు సద్భావంతో జపాన్‌కు పంపినా, దాన్ని అక్కడ స్వాధీనం చేసుకోవాల్సిందే.

యుద్ధంలో ఓడాక ఆక్రమణ సేనలు కత్తుల్ని కుప్పలుతెప్పలుగా స్వాధీనం చేసుకున్నాయి. తయారీ ఆగిపోయింది. 1953లో మళ్లీ అనుమతులు మొదలయ్యాయి. కానీ ఉక్కేదీ? సంప్రదాయ కటానాకు కావలసింది ఇసుక ఇనుము, బొగ్గు కలిపి తతారా అనే మట్టి కొలిమిలో కరిగించి తీసే తమహగానే ఉక్కు. జపాన్ కళాత్మక ఖడ్గాల సంరక్షణ సంఘం (1948లో ఏర్పడింది) 1977లో షిమానే ప్రిఫెక్చర్‌లోని ఒకుఇజుమోలో ఆ కొలిమిని పునరుద్ధరించింది. అప్పటి నుంచి చలికాలంలోనే అది మండుతుంది. ఒక్కో విడతకు మూడు పగళ్లు, మూడు రాత్రులు నిద్రలేకుండా ఇసుక, బొగ్గు వేస్తూ ఉండాలి. చెరొక పది టన్నుల పైచిలుకు పోస్తే చివరికి కొలిమి గోడలు పగలగొట్టి తీసే ముద్ద రెండున్నర టన్నులు. అందులో కత్తికి పనికొచ్చే మేలు ఉక్కు కొంత భాగమే. జపాన్ కమ్మర్లందరికీ దాన్నే పంచాలి.

కటానాల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట 'వెయ్యిసార్లు మడిచిన ఉక్కు'. ఎవరూ వెయ్యిసార్లు మడవరు. తమహగానేలో కార్బన్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. మలినాలూ ఉంటాయి. వాటిని సమ్మెట దెబ్బలతో బయటికి నెట్టి, కార్బన్‌ను సమంగా పరచడానికి కమ్మరి ఉక్కును కాల్చి మడుస్తాడు. పదిసార్లు మడిస్తే 1,024 పొరలు. పదిహేనుసార్లయితే 32,768. అంతకు మించితే ఉక్కులోని కార్బన్ కాలిపోయి కత్తికి పదునే నిలవదు. ఇక ఫ్యాక్టరీ ఉక్కు ముందే సమంగా ఉంటుంది. దాన్ని మడవడం వల్ల చూడముచ్చటైన చారలు తప్ప బలం రాదు. పొరలు సరిగ్గా అతుక్కోకపోతే బలహీనత మాత్రం వస్తుంది. మడిచిన కత్తికి ఎక్కువ డబ్బిచ్చే కొనుగోలుదారు చాలాసార్లు కొంటున్నది ఆ చారల్నే.

'డమాస్కస్ ఉక్కు' అనే బిరుదుకూ ఇదే వరస. ఆ పేరు తెచ్చుకున్న అసలు ఉక్కు మూసల్లో కరిగించిన దక్షిణ భారత ఉక్కు. ఇంగ్లిష్‌లో 'వూట్జ్' అయింది దాని పేరే. తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అందుకు ప్రసిద్ధి చెందిన కేంద్రం. పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కెళ్లేవారని 19వ శతాబ్ది తొలినాళ్లలో ఆ ప్రాంతాన్ని చూసిన హెన్రీ వాయ్‌సీ రాశాడు. ఆ విద్య అంతరించింది. ఇవాళ ఆ పేరుతో కటానాలకు అంటిస్తున్నది రెండు రకాల ఉక్కును అతికి మడిచినది మాత్రమే. కోనసముద్రంతో దానికి ఏ సంబంధమూ లేదు.

మరి కొనేవాడు చూడాల్సిందేమిటి? ముందు అంకెలు. ఆధునిక కటానాల వర్ణనలో కనిపించే 1045, 1060, 1095లలో చివరి రెండంకెలు కార్బన్ శాతాన్ని చెబుతాయి: 0.45, 0.60, 0.95. ఎక్కువుంటే మంచిదనుకోవడం పొరపాటు. కార్బన్ పెరిగేకొద్దీ పదును నిలుస్తుంది కానీ పెళుసుదనం కూడా పెరుగుతుంది. చేయి తిరగని కమ్మరి కాల్చిన 1095 కంటే శ్రద్ధగా కాల్చిన 1060 ఎంతో నయం. 5160, 9260 రకాలు స్ప్రింగు ఉక్కులు. లారీ కమాను పట్టీల మాదిరిగా వంగి లేస్తాయి. అందానికి కాస్త తక్కువైనా, కోతలు సాధన చేసేవారు వాటిని ఇష్టపడేది ఆ ఓర్పుకే. 420, 440 అన్న అంకెలుంటే అది స్టెయిన్‌లెస్. వంటింటి చాకుకు ఢోకా లేదు గానీ, 70 సెంటీమీటర్ల పొడవున్న అలకును ఊపి కొట్టడానికి అది తగదు.

అంకెలు కాగితం మీద ఏవైనా రాసుకోవచ్చు. అలకు అబద్ధమాడలేదు. కటానా అంచు వెంబడి అలలా సాగే తెల్లని గీతను హమోన్ అంటారు. కాల్చే ముందు కమ్మరి కత్తి వెన్నుకు మందంగా, అంచుకు పల్చగా మట్టి పూస్తాడు. ఎర్రగా కాగిన కత్తిని నీళ్లలో ముంచగానే పల్చటి పూత ఉన్న అంచు చప్పున చల్లారి గట్టిపడుతుంది. వెన్ను నిదానంగా చల్లారి మెత్తగా, సాగేలా ఉండిపోతుంది. కటానాకు ఆ వంపు చాలావరకు వచ్చేదీ ఆ క్షణంలోనే. గట్టిపడిన అంచు వ్యాకోచించి కత్తిని వెనక్కి వంచుతుంది. నెలల శ్రమ ఆ నీళ్లలోనే పగుళ్లిచ్చి పోవడమూ కద్దు. హమోన్ ఆ రెండు ఉక్కుల సరిహద్దు.

చౌక కత్తుల్లో దాన్ని ఆమ్లంతోనో, తీగ బ్రష్షుతోనో గీసేస్తారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. చీకటి గదిలో ఒకే బల్బు కింద అలకును వెలుగుకు ఏటవాలుగా పట్టి మెల్లగా తిప్పాలి. అసలు హమోన్ లోపలి నుంచి వెలిగినట్టు కనిపిస్తుంది. సరిహద్దు పొడవునా పొగమంచులాంటి వెలుగు, అక్కడక్కడ మెరిసే రేణువులు. గీసిన హమోన్ ఎటు తిప్పినా చదునుగా, ఒకే తెలుపుగా ఉంటుంది. అయితే స్ప్రింగు ఉక్కు కత్తికి హమోన్ లేకపోవడం లోపం కాదు. లేనిది ఉన్నట్టు గీయడమే మోసం.

వెన్ను మీదుగా ఒంటికన్నుతో చూస్తే వంకరలు బయటపడతాయి. అలకు పక్కన నిలువునా సాగే మిట్ట గీత మొన దాకా తెగకుండా రావాలి. మొన దగ్గర అడ్డగీత నిజంగా రెండు తలాలు కలిసే చోట ఏర్పడిందా, కేవలం గీకారా అన్నది వేలిగోటికి తెలిసిపోతుంది. ఇదంతా చూశాక కూడా ప్రాణాలకు సంబంధించిన భాగం చూడనట్టే. అది పిడిలోపల ఉంటుంది. అలకు తోక పిడిలోకి చాలా లోతుగా దిగి, వెదురు చీలతో బిగిసి ఉండాలి. నాసిరకం కత్తుల్లో అలకుకు సన్నటి ఊచను వెల్డింగ్ చేసి ఊరుకుంటారు. బలంగా ఊపినప్పుడు పిడి చేతిలోనే ఉంటుంది, అలకు మాత్రం ఎదుటివారి మీదికి పోతుంది. చీల తీసి పిడి విప్పి చూపడానికి అమ్మకందారు ఒప్పుకోకపోతే ఆ బేరం వదులుకోవడమే మేలు. కత్తిని ఊపితే ఎక్కడా గలగలమనకూడదు. ఒరను కొంచెం తలకిందులు చేస్తే కత్తి దానంతటది జారిపడకూడదు.

కొన్న తర్వాత అసలు శత్రువు తేమ. వేలిముద్రలోని ఉప్పు చాలు, త్వరలోనే తుప్పు మచ్చ లేస్తుంది. అందుకే జపాన్‌లో కత్తి చూసేవారు అలకును తాకరు, దానిపై మాట్లాడరు. నోటి తుంపర్లు పడతాయని. పాత నూనెను మెత్తటి కాగితంతో తుడిచి, లవంగం వాసన వచ్చే పల్చటి చోజి నూనెను కంటికి కనిపించీ కనిపించనంతగా రాయడం పద్ధతి. అది ప్రధానంగా ఖనిజ తైలమే. కుట్టుమిషన్ నూనె కూడా పనిచేస్తుంది. వంట నూనెలు మాత్రం జిడ్డుకట్టి మురికిని పట్టేస్తాయి. సినిమాల్లో సామురాయ్ తెల్లని గుండ్రటి మూటతో కత్తిపై తట్టేది సానరాతి పొడి. అది నూనెను పీల్చేస్తుంది, కానీ కాలక్రమంలో మెరుగును కూడా గీకేస్తుంది కనుక మెత్తటి గుడ్డ, ఆల్కహాలే మేలని ఇప్పుడు చాలామంది సంరక్షకుల మాట. విశాఖ, చెన్నై లాంటి సముద్రతీర నగరాల్లో ఉండేవారు వానాకాలమంతా నెలకోసారైనా కత్తిని ఒర నుంచి తీసి చూసుకోక తప్పదు. ఇక ఎంత మురికిగా కనిపించినా పాత కత్తి తోకకు పట్టిన తుప్పును తోమకూడదు. వయసును, కమ్మరిని గుర్తుపట్టేది దాంతోనే. ఉత్సాహంగా ఇసుక కాగితం తీసుకున్నవారు ఒక్క సాయంత్రంలో శతాబ్దాల సాక్ష్యాన్ని చెరిపేశారు.

దేశాన్ని బట్టి చట్టమూ గుర్తుంచుకోవాలి. బ్రిటన్ 2008లో 50 సెంటీమీటర్లు మించిన వంపు కత్తుల అమ్మకాన్ని నిషేధించి, సంప్రదాయ పద్ధతిలో చేతితో చేసినవాటికి మినహాయింపునిచ్చింది. అంటే అసలు, నకిలీల తేడా అక్కడ కోర్టుల దాకా వచ్చే ప్రశ్న. భారత్‌లో 1959 నాటి ఆయుధాల చట్టం కత్తిని ఆయుధంగానే చూస్తుంది. కొరియర్‌లో తెప్పించుకున్నంత తేలికగా అది చట్టబద్ధం కాదు.

జపాన్‌లో కమ్మరి కావాలంటే లైసెన్సున్న గురువు దగ్గర సాధారణంగా ఐదేళ్లు జీతం లేకుండా పనిచేసి, ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ నిర్వహించే పరీక్ష నెగ్గాలి. నెగ్గినా నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయరాదు. వాటి వెల పది లక్షల యెన్‌లు దాటడం మామూలే. కొనేవారు తక్కువ. జాతీయ సంఘంలో 1980ల చివర్లో దాదాపు 300 మంది కమ్మర్లుండగా, 2010ల చివరికి ఆ సంఖ్య 200 లోపుకు పడిపోయింది. 1997లో 'సజీవ జాతీయ సంపద' గౌరవం పొందిన ఓసుమి తోషిహిరా 2009లో, అమాదా అకిత్సుగు 2013లో కన్నుమూశారు.

ఊరట ఊహించని చోటు నుంచి వచ్చింది. ప్రసిద్ధ ఖడ్గాలను అందమైన యువకులుగా చూపే తోకెన్ రాన్‌బు ఆన్‌లైన్ గేమ్ 2015 జనవరిలో మొదలైంది. ఆ తర్వాత మ్యూజియంలలో కత్తుల ముందు క్యూ కట్టినవారిలో ఎక్కువమంది యువతులే. యుద్ధం తర్వాత కనిపించకుండా పోయిన హోతారుమారు అనే ఖడ్గానికి నకలు చేయిస్తామంటూ అదే ఏడాది ఇద్దరు కమ్మర్లు విరాళాలడిగితే, కోరిన 55 లక్షల యెన్‌లకు ఎన్నో రెట్లు, నాలుగు కోట్లకు పైగా వచ్చాయి. సెతోఉచి పట్టణం 13వ శతాబ్ది నాటి సాన్‌చోమో ఖడ్గాన్ని 50 కోట్ల యెన్‌లు పెట్టి 2020లో కొన్నదీ ప్రధానంగా ప్రజలిచ్చిన డబ్బుతోనే. ఆ విరాళమిచ్చిన వారిలో చాలామందికి కత్తి పట్టిన అనుభవం లేదు. మ్యూజియంలోని గాజు పెట్టె ముందు మోకాళ్లు వంచి, హమోన్ మీద దీపం వెలుగు పడే కోణం కోసం అటూ ఇటూ కదులుతూ వెతకడం మాత్రం వాళ్లు నేర్చుకున్నారు.