‘పెథెటిక్’ – జాలియా, ఈసడింపా?

ఇంగ్లీషులో ‘పెథెటిక్’ అనే విశేషణం ఒకటున్నది. నిఘంటువు తెరిస్తే ‘జాలిగొలిపే’, ‘దయనీయమైన’ అనే అర్థాలు ముందుగా కనబడతాయి. వాటిని నమ్ముకొని ఒక విద్యార్థి, పరీక్ష తప్పిన మిత్రుణ్ణి ఓదార్చబోయి ‘నీ ప్రయత్నం పెథెటిక్’ అని వ్రాసినాడనుకోండి. ఆ మిత్రుడు మళ్ళీ వీని మొగం చూడడు. ‘నీ ప్రయత్నం ఏడ్చినట్లున్నది’ అని గదా అతనికి వినబడేది!

ఈ పదానికి పుట్టిల్లు గ్రీకు. అక్కడ ‘పాథోస్’ అంటే బాధ, హృదయావేగం. పదహారవ శతాబ్ది చివర ఇంగ్లీషులో అడుగుపెట్టేనాటికి దీనికి ‘మనస్సును కదిలించేది’ అనే గౌరవార్థమే ఉండేది. 1799లో వెలువడిన బేథోవెన్ పియానో సొనాటాకు దీని ఫ్రెంచి రూపమే పేరైనది. రస్కిన్ 1856లో ‘మోడరన్ పెయింటర్స్’ మూడవ సంపుటంలో ‘పెథెటిక్ ఫాలసీ’ అన్నాడు. కవి తన హృదయభావాలను ప్రకృతికి అంటగట్టడమని దాని తాత్పర్యం. దానిని ‘దయనీయమైన పొరపాటు’ అని తెనిగిస్తే, పొరపాటు అనువాదకునిదే అవుతుంది.

ఈసడింపు అర్థం ఇరవయ్యవ శతాబ్దిలో బలపడినది. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, శోకం స్థాయిగా గల కరుణం నుండి ఈ పదం జారి, హాస్య బీభత్సాల పొలిమేరలో పడినది.

ఇంగ్లీషువారిని మాత్రం అననేల? దిక్కు లేనివానిని చెప్పవలసిన ‘దిక్కుమాలిన’ అనే మాటను మనం చెడిపోయిన కుళాయికి కూడ వాడుతున్నాము. ‘దరిద్రుడు’ తిట్టైనది. అన్నిటికంటె క్రూరమైనది ‘వెధవ’. భర్తను పోగొట్టుకొన్న స్త్రీని చెప్పే ‘విధవ’ శబ్దమే అది. ఆమె దుఃఖం మన నోట మగపిల్లలను తిట్టే మాటైనది. ఎదుటివాని కష్టాన్ని తొలగించలేని లోకం, ఆ కష్టానికి వానినే దోషిని చేస్తుంది కాబోలు.

వాడుకలో ఒక గుర్తు చెప్పవచ్చు. పిల్లి అరుపు, వాన తడిసిన పక్షి ‘పెథెటిక్’ అయితే జాలి. ఒకని సాకు, పని, ప్రయత్నం ‘పెథెటిక్’ అయితే, నూటికి తొంభై పాళ్ళు ఈసడింపే.

నోటుపుస్తకం అంచున ఎఱ్ఱసిరాతో ఈ మాట వ్రాసే ఉపాధ్యాయులున్నారు. జాలిపడి వ్రాసినామని వారు సమర్థించుకోవచ్చు. ఇంటికి పోయి నిఘంటువు తెరిచిన కుఱ్ఱవానికి మాత్రం రెండు అర్థాలూ కనబడతాయి. తనకు చెందినది ఏదో వాడొక్కడే కూర్చుని తేల్చుకోవాలి.