విద్యుద్వాహనాలు – ప్రభుత్వ ప్రోత్సాహం

కొత్తగా చెరువు త్రవ్వించినవారికి, కట్ట కట్టించినవారికి అయిదేళ్ళపాటు పన్ను మినహాయింపు ఇవ్వాలని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విధించాడు. శిథిలమైన వాటిని బాగుచేయించినవారికి నాలుగేళ్ళ మినహాయింపు చెప్పాడు. దీనికి ఆయన వాడిన మాట ‘పరిహారం’. చెరువు ఒకరి ధనంతో ఏర్పడినా దాని ఫలం ఊరందరికీ అందుతుంది. అందుచేత ముందుగా ధనం వెచ్చించినవాని భారాన్ని కొంతకాలం రాజ్యం పంచుకోవడం న్యాయం. నేడు విద్యుద్వాహనాలకు ప్రభుత్వాలు కల్పిస్తున్న ప్రోత్సాహకాలకు మూలమైన ఆలోచన కూడా ఇదే.

పెట్రోలు, డీజిలు వాహనాలతో పోల్చినప్పుడు విద్యుద్వాహనం కొనుగోలు ధర సాధారణంగా ఎక్కువ. బ్యాటరీ ఖరీదు ఇందుకు ముఖ్యకారణం. నడిపే ఖర్చు మాత్రం తక్కువ. వాహనం ఎంత ఎక్కువ దూరం తిరిగితే ఆదా అంత పెరుగుతుంది. కనుక ఇంటి ముందు నిలిచి ఉండే కారుకంటె, ఉదయం నుండి రాత్రి వరకు తిరిగే ఆటో, సరుకుల బండి, సిటీబస్సు ఈ మార్పువల్ల అధికంగా లాభపడతాయి. పొగ తగ్గడంవల్ల కలిగే మేలు యజమానితో పాటు ఆ వీధిలో ఊపిరి పీల్చే ప్రతివారికీ దక్కుతుంది.

ఈ దృష్టితో కేంద్రప్రభుత్వం 2015లో ‘ఫేమ్’ పథకాన్ని ప్రారంభించింది. 2019 ఏప్రిల్‌లో మొదలైన రెండవ దశకు 10,000 కోట్ల రూపాయలు కేటాయించింది. ఈ దశలో మూడు, నాలుగు చక్రాల వాహనాలకు ఇచ్చిన సహాయం ప్రధానంగా ప్రజారవాణాకు, వాణిజ్యానికి ఉపయోగించే వాటికే పరిమితమైంది. బ్యాటరీలో ఒక యూనిట్ విద్యుత్తును నిలువచేయగల సామర్థ్యానికి 10,000 రూపాయల చొప్పున సహాయాన్ని లెక్కగట్టారు. ఏడు యూనిట్ల బ్యాటరీ గల ఆటోను ఉదాహరణగా తీసుకొంటే, ఆ లెక్కన 70,000 రూపాయలు తగ్గుతాయి. ఈ సొమ్ము కొనేవాని చేతికి రాదు. తయారీసంస్థ ధరలో తగ్గించి, పిదప ప్రభుత్వం నుండి రాబట్టుకొంటుంది.

ఆ పథకం 2024 మార్చితో ముగిసింది. అదే సంవత్సరం అక్టోబరులో 10,900 కోట్ల రూపాయలతో ‘పి.ఎం. ఇ-డ్రైవ్’ పథకం వచ్చింది. ఇందులో ఆటోలకు యూనిట్ ఒక్కింటికి సహాయం మొదట 5,000 రూపాయలు, అటుపిమ్మట 2,500 రూపాయలు. అనగా మన ఉదాహరణలోని ఆటోకు 70,000 రూపాయల సహాయం 35,000కు, ఆపై 17,500కు దిగివచ్చింది.

వాహనాలు లేనిదే ఛార్జింగ్ కేంద్రాన్ని ఎవరూ నెలకొల్పరు. కేంద్రాలు లేనిదే వాహనాన్ని ఎవరూ కొనరు. ఈ చిక్కును విడదీయడానికి కూడా ప్రభుత్వం పూనుకొన్నది. వాహనాలకు ఛార్జింగ్ చేయడం విద్యుత్తును విక్రయించడం కాదనీ, అందుకు ప్రత్యేక లైసెన్సు అవసరం లేదనీ కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. దీనితో హోటలు యజమానికీ, దుకాణదారునికీ ఈ వ్యాపారంలో ప్రవేశం సులభమైంది. 2019 ఆగస్టు నుండి ఛార్జర్లపై జి.ఎస్.టి. 18 శాతం నుండి 5 శాతానికి, విద్యుద్వాహనాలపై 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. ‘పి.ఎం. ఇ-డ్రైవ్’లో ఛార్జింగ్ కేంద్రాలకే 2,000 కోట్లు ప్రత్యేకించారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో ట్యాక్సీలు, ఆటోలు, తేలికపాటి సరుకుల వాహనాలు మొదలైన విద్యుద్వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది.

అయితే ఈ అనుకూలతలు శాశ్వతాలు కావు. 2025 సెప్టెంబరులో పెట్రోలు ఆటోలపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గడంతో, విద్యుత్ ఆటోలకున్న పన్నుల మొగ్గు 23 శాతం నుండి 13 శాతానికి కుదించుకుపోయింది. ప్రజాధనం విషయంలో జాగరూకత కూడా అవసరమే. దేశీయ విడిభాగాల నిబంధనను పాటించలేదన్న కారణంతో, పొందిన సహాయాన్ని తిరిగి చెల్లించవలసిందిగా కొన్ని తయారీసంస్థలను 2023లో కేంద్రం ఆదేశించింది.

మరొక అంశాన్ని కూడా గమనించాలి. వందల వాహనాలు గల సంస్థ తన ఆవరణలోనే ఛార్జింగ్ ఏర్పాటు చేసుకోగలదు. అద్దె గదిలో కాపురముండే ఆటో కార్మికునికి ఆ వసతి ఏది? ఛార్జింగ్ కోసం బండి నిలిచిన ప్రతి గంటా అతనికి కూలి పోయిన గంటే. ధరలో తగ్గింపు ఎంత ఉన్నా, తక్కువ వడ్డీకి అప్పు, ఇంటికి దగ్గరలో ఛార్జింగ్ కేంద్రం లేకపోతే ఆ మేలు అతని గడపదాకా చేరదు.

కనుక విద్యుద్వాహనం కొనదలచిన వ్యాపారి ప్రోత్సాహకాన్ని మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. రోజుకు తిరిగే దూరం, అప్పుపై వడ్డీ, ఛార్జింగ్‌కు పట్టే సమయం, కొన్నేళ్ళ తరువాత బ్యాటరీ మార్చవలసివస్తే అయ్యే వ్యయం ముందుగా లెక్కవేసుకోవాలి. ప్రభుత్వం కూడా ఒక చేయూతను ఉపసంహరించే ముందు, అది అవసరమైన చిన్నవారికి అందినదో లేదో విచారించాలి. కౌటిల్యుడు పరిహారానికి గడువు విధించాడు. ఆ గడువులోగా చెరువు నిండి ఊరి పొలాలకు నీరు పారాలన్నదే అందులోని ఆశయం.