కదిలేది రైలా, కొండా?

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు బొడ్డవర దాటాక ఘాట్ ఎక్కుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపానుకు పంపడం కోసం 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గం ఇది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి సిమిలిగూడ చేరేసరికి మనం సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంటాం. 2017 నుంచి ఈ దారిలో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది. జనం దాన్ని ఎక్కేది లోయ అందం చూడటానికే. అయితే చలనం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ కిటికీ కన్నా మంచి పాఠశాల దొరకడం కష్టం. భౌతికశాస్త్రం, మెదడు గురించిన పరిశోధన, సినిమా తలో దారిన వచ్చి ఒక్కచోటే కలుస్తాయి: ఏ వస్తువూ ఒంటరిగా కదలదు. కదలిక ఎప్పుడూ రెండింటి మధ్య పోలికే.

ముందు కిటికీనే చూద్దాం. రైలు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుంటే సెకనుకు 8 మీటర్ల పైచిలుకు దూరం నడుస్తుంది. పట్టాల పక్కన మూడు మీటర్ల దూరంలో ఉన్న కరెంటు స్తంభం సరిగ్గా మన ఎదురుగా వచ్చిన క్షణంలో, దాన్ని వదలకుండా చూడాలంటే చూపు సెకనుకు దాదాపు 160 డిగ్రీల వేగంతో తిరగాలి. అది కంటికి అలవి కాని పని, అందుకే స్తంభం గీతలా చెరిగిపోతుంది. లోయకు అవతల మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండకైతే సెకనుకు డిగ్రీలో ఆరో వంతు తిరిగితే చాలు. అంటే వెయ్యో వంతు. ఆ కొండ నింపాదిగా మనతో నడిచొస్తున్నట్టు ఉంటుంది. చందమామ మన వెంటే వస్తున్నాడని పిల్లలు నమ్మడానికి కారణమూ ఇదే: 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి మన ప్రయాణం లెక్కలోకి రాదు. మెదడు ఈ తేడాల నుంచే ఏది దగ్గరో ఏది దూరమో తేల్చుకుంటుంది. డిస్నీ స్టూడియో 1937లో తెరపైకి తెచ్చిన మల్టీప్లేన్ కెమెరా చేసిందీ ఇదే. బొమ్మలను ఒకదాని వెనక ఒకటిగా అద్దాల పొరల మీద గీసి, దగ్గరి పొరను వేగంగా, దూరపు పొరను నెమ్మదిగా జరిపితే చదునైన తెరలో లోయంత లోతు పుట్టింది. మన పాత తెలుగు సినిమాల్లో తరచూ హీరో కారు స్టూడియోలోంచి అంగుళం కదలలేదు. వెనక తెర మీద రోడ్డు కదిలింది.

ఈ ఎరుక మన దేశంలో ఎప్పటిదో. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు, పడవలో ముందుకు పోయేవాడికి గట్టున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపించడాన్ని ఉదాహరణగా తీసుకుని, నక్షత్రాలు పడమటికి సాగుతున్నట్టు ఎందుకు కనిపిస్తాయో వివరించాడు. తిరిగేది భూమి. గెలీలియో 1632లో అదే ఆలోచనను ఓడ లోపలికి తీసుకెళ్లాడు: ఓడ కుదుపు లేకుండా ఒకే వేగంతో పోతుంటే, మూసిన గదిలో ఉన్నవాడు ఏ ప్రయోగం చేసినా అది కదులుతోందో ఆగి ఉందో చెప్పలేడు. స్టేషన్లో పక్క పట్టాల మీది గూడ్సు బండి మెల్లగా కదిలితే మన బండే బయల్దేరిందని ఉలిక్కిపడతామే, అది కూడా ఈ సూత్రమే. అవతలి బండి వెనక ఉన్న ప్లాట్‌ఫారమో చెట్టో కంటపడితే తప్ప భ్రమ వీడదు.

మెదడు కథ ఇంకా ఆసక్తికరం. బొర్రా దగ్గర కటికి జలపాతం ఎదుట నిలబడి, పడే నీటిలో ఒకే చోట ఒక నిమిషం పాటు చూపు నిలపండి. తర్వాత పక్కనున్న బండ వైపు చూడండి. బండ పైకి పాకుతున్నట్టు కనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, అది కదులుతూనే ఉంటుంది కానీ ఉన్నచోటే ఉంటుంది. స్కాట్లాండులో ఫోయర్స్ జలపాతం దగ్గర రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన దీన్ని గమనించి 1834లో రాశాడు. కిందికి పోయే కదలికకు స్పందించే నాడీకణాలు, పైకి పోయేదానికి స్పందించేవి మెదడులో త్రాసు పళ్లాల్లా పనిచేస్తాయి. నీటిని చూసి చూసి మొదటివి అలసిపోతే, ఆగి ఉన్న బండను చూసినప్పుడు ముల్లు రెండో వైపు మొగ్గుతుంది. స్థానం మారకుండానే కదలిక కనిపించిందంటే, స్థానాన్నీ చలనాన్నీ మెదడు వేర్వేరుగా లెక్కగడుతోందన్నమాట. 1983లో జర్మనీ పరిశోధకులు వివరించిన ఒక మహిళ విషయం దీనికి మరో రుజువు. మెదడు వెనక భాగంలో జరిగిన నష్టం వల్ల ఆమెకు రంగులు, ఆకారాలు బాగానే కనిపించేవి, కదలిక మాత్రం కనిపించేది కాదు. కప్పులో పోస్తున్న టీ ఆమె కంటికి గడ్డకట్టినట్టు ఉండేది. ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు.

సినిమా బతుకుతున్నది ఈ లెక్క మీదే. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు చూపిస్తే కదలిక కనిపించడానికి కారణం, ప్రతి బొమ్మా కంటిపై కాసేపు నిలిచి ఉండటమేనని చాలా పుస్తకాలు చెబుతాయి. ఆ వివరణ చాలదు. బొమ్మలు నిలిచి ఉంటే ఒకదానిపై ఒకటి పడి మసకబారాలి, నడవకూడదు. మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వర్తైమర్ 1912లో ప్రచురించిన ప్రయోగాల్లో, రెండు గీతలను వెంటవెంటనే తగిన వ్యవధితో చూపితే, చూసేవారికి ఒకే గీత ఒకచోటి నుంచి మరోచోటికి కదిలినట్టు తోచింది. మధ్యలో ఏమీ లేదు. ఖాళీని పూరించింది మెదడే. కాబట్టి సినిమాది మోసం, కిటికీది నిజం అని గీత గీయడం నాకు సరికాదనిపిస్తుంది. రెండు చోట్లా పనిచేసేది ఒకే యంత్రాంగం.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు: మాటలెన్ని చెప్పినా కదిలేది రైలే, కొండ కాదు కదా? రోజువారీ పనికి అలా అనుకోవడమే సౌకర్యం, అందులో తప్పు లేదు. కానీ అరకు అక్షాంశం వద్ద ఆ కొండే భూభ్రమణంతో గంటకు దాదాపు 1,580 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లు ఒకప్పుడు తూర్పు అంటార్కిటికాతో కలిసి ఉన్న నేలవి. భారత ఫలకం ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. కొండను స్థిరమని మనం ఎంచుకున్నాం, అంతే.

ఇంకో అభ్యంతరం గట్టిది. చలనం వట్టి పోలికే అయితే, ఖనిజంతో ఘాట్ దిగే గూడ్సుకు బ్రేకులెందుకు కాలతాయి? ఒక టన్ను బరువు 990 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 2.7 యూనిట్ల కరెంటుకు సమానం. వేల టన్నుల బండికి ఇది చిన్న లెక్క కాదు. అయితే బ్రేకు వేడి పుట్టేది చక్రానికీ బ్రేకు దిమ్మెకూ మధ్య రాపిడి వల్ల. రైల్లో కూర్చుని చూసినా గట్టున నిలబడి చూసినా ఆ రెండింటి మధ్య వేగం తేడా మారదు, వేడీ మారదు. అదీ పోలికే. ఒక్క విషయంలో మాత్రం అభ్యంతరానికి తలొగ్గాలి. వేగం మారినా దిశ మారినా, కిటికీలు మూసేసినా మనకు తెలుస్తుంది. గెలీలియో గదిలో కుదుపు మొదలైతే రహస్యం బయటపడుతుంది. లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరగడాన్నీ, వాటి పక్కనున్న సున్నపు రేణువుల సంచులు ముందుకూ వెనక్కూ పడే తోపునూ పసిగడతాయి.

ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్ రోడ్డులో చాలామంది "నాకు బస్సు పడదు" అని వాంతులు చేసుకునేది ఇందుకే. ఫోను చూస్తున్న కన్ను ఏమీ కదలడం లేదంటుంది, లోపలి చెవి ప్రతి మలుపునూ నమోదు చేస్తుంది. రెండు లెక్కలూ పొసగవు. కెమెరాను చేత్తో ఊపుతూ తీసిన సినిమా చూస్తే కొందరికి తల తిరిగేది దీనికి తిరగేసిన కారణంతో: అక్కడ కన్ను కదిలామంటుంది, కుర్చీలో ఉన్న చెవి లేదంటుంది. డ్రైవరుకు ఈ బాధ సాధారణంగా ఉండదు. స్టీరింగు తనే తిప్పుతాడు కనుక రాబోయే కుదుపు అతడి మెదడుకు ముందే తెలుసు, చూపు రోడ్డు మీదే ఉంటుంది. బస్సు పడనివాళ్లు ముందు సీట్లో కూర్చుని, ఫోను పక్కన పెట్టి, దూరంగా రాబోయే మలుపును చూస్తూ పోతే చాలావరకు తేరుకుంటారు.