వేళ్లకు వేగం.. చెవికి ఇంపు

గిటారు చేతికొచ్చిన కుర్రాడికి మొదట పుట్టే కోరిక వేగం. బళ్లారిలోనైనా, హొసూరులోనైనా, బరంపురంలోనైనా అంతే. తీగల మీద వేళ్లు పరుగెత్తాలి, పక్కనున్నవాళ్లు నోరెళ్లబెట్టాలి! కోరికలో తప్పేం లేదు. కాకపోతే 'స్పీడు పెరగాలి' అనుకుంటూ కూర్చుంటే ఏళ్లు గడిచినా పెరగదు. ఏ పాటలో ఏ ముక్క, ఎంత వేగంలో, ఎప్పటికి? ముందు ఇది తేల్చుకోవాలి.

మెట్రోనోమ్‌ ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతోంది. నిమిషానికి 60 దెబ్బలు పెట్టి, దెబ్బకు నాలుగు స్వరాలు వాయిస్తే సెకనుకు నాలుగు. 120కి చేరితే ఎనిమిది. ఈ రెండింటి మధ్య నెలల సాధన ఉంది మరి! నచ్చిన పాటలో చిన్న ముక్క తీసుకోండి. 60 దగ్గర వరుసగా మూడుసార్లు ఒక్క స్వరమూ చెడకుండా పలికితేనే 64కు వెళ్లండి. చెడిందా, వెనక్కి రండి. సిగ్గేం లేదు. ఏ రోజు ఎక్కడ ఆగారో నోటుపుస్తకంలో రాసుకోండి. పిక్‌ ఒకసారి కిందికి, ఒకసారి పైకి.. ఎంత తక్కువ కదిలితే అంత మేలు. ఎడమచేతి వేళ్లు తీగల మీంచి ఎత్తుగా లేవకూడదు. మణికట్టు నొప్పెడితే ఆ పూటకు ఆపేయాల్సిందే.

సంగీతం మాస్టారి దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది కొత్త కాదు. సరళీ వరుసలను మూడు కాలాల్లో సాధన చేయించేది ఇందుకే. రెండో కాలం మొదటిదానికి రెట్టింపు, మూడోది నాలుగు రెట్లు. ఇక్కడ మెట్లు చిన్నవి, అంతే తేడా.

పాడి చూడండి

వేగం వచ్చాకే అసలు చిక్కు. సందు దొరికినచోటల్లా స్వరాలు కుమ్మరించాలనిపిస్తుంది. ఇక్కడ గిటారుకు దగ్గరి చుట్టమైన మాండలిన్‌ సంగతి చెప్పుకోవాలి. 1969లో పాలకొల్లులో పుట్టి, చెన్నైలో స్థిరపడి, 2014లో కన్నుమూసిన యు.శ్రీనివాస్‌ వేగం తెలియనిదెవరికి? ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్‌ వాయించడం రాదు. గురువు పాడేవారు, శిష్యుడు విన్నది తీగల మీద పలికించేవాడు. గమకాల కోసం మామూలు మాండలిన్‌లోని జంట తీగలు మానేసి, ఒంటి తీగలు ఐదింటితో ఎలక్ట్రిక్‌ మాండలిన్‌ పట్టారు. మెరుపు వేగానికి పేరుమోసిన గిటారిస్టు జాన్‌ మెక్‌లాఫ్లిన్‌ 'రిమెంబర్‌ శక్తి' బృందంలో ఆయనతో కలిసి వాయించారు.

కాబట్టి మీ ముక్కను ముందు గొంతెత్తి పాడండి. గొంతు బాగోకపోయినా ఫర్వాలేదు, ఇంట్లోవాళ్లే కదా వినేది! ఊపిరి తీసుకునే చోట గిటారూ ఆగాలి. తీగ లాగినప్పుడు సరిగ్గా స్వరం మీదే నిలవాలి. కాస్త తగ్గినా చెవి ఊరుకోదు. బి.బి.కింగ్‌ ఒక్క స్వరాన్ని వణికించే తీరుకే జనం పరవశించేవారు. రిసెప్షన్‌లో బ్యాండుతో వాయించేవాళ్లు మరో మాట గుర్తుంచుకోవాలి.. గాయని పాడుతుంటే మధ్యలో దూరకూడదు. మీ వంతు వచ్చేది చరణానికీ చరణానికీ మధ్యే.

రోజుకు అరగంటే ఉందా? పది నిమిషాలు స్వరాల వరుసలు, పది నిమిషాలు ఎంచుకున్న ముక్క. మిగతా పది నిమిషాలు ఏదైనా పాత పాటను నెమ్మదిగా వాయించండి. అప్పుడు మాత్రం మెట్రోనోమ్‌ కట్టేయండి.