బార్నకిల్ తన చోటును ఎంచుకొను విధము

హైదరాబాదు పాతబస్తీలోని పాత హౌజుల అంచున, చాల దినములు తడిసియున్న రాతిపై వ్రేలు మోపినచో జిగటగా జారును. దీనినే మనము పాకుడు అందుము. ఇది ఒట్టి మురికి కాదు. బాక్టీరియాలు, సూక్ష్మమైన శైవలములు తాము స్రవించిన జిగురులోనే కాపురముండు పొర. నీట మునిగిన ఏ వస్తువుమీదనైనను ఇట్టి పొర కొద్ది గంటలలోనే మొదలగును. సముద్రములో ఓడ అడుగునను ఇదే జరుగును. అయితే అచ్చట ఈ పాకుడును తడిమి చూచుటకు మరియొక ప్రాణి వచ్చును. అదియే బార్నకిల్. మంచినీటి హౌజులలో అది బ్రతుకదు గనుక, దానిని చూడగోరు విద్యార్థి విశాఖపట్టణము పోవలసినదే. 1933లో ప్రారంభమైన ఆ రేవులో ఓడలకును కొయ్యలకును పట్టు జీవులను ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన పి. ఎన్. గణపతియు, ఆయన తోడివారును పరిశోధించి, 1958లో ఫలితములను ప్రకటించిరి.

సున్నపు పెంకుల గూటిలో నుండుటచే బార్నకిల్ నత్తల జాతిదని తోచును గాని, అది రొయ్యకు, పీతకు చుట్టము. గ్రుడ్డునుండి వెలువడిన డింభకము ఆరు దశలు ఈదులాడి, తుదకు ‘సిప్రిడ్’ అను రూపము దాల్చును. అర మిల్లీమీటరు పొడవుండు ఈ సిప్రిడ్ ఏమియు తినదు. దాచుకొన్న క్రొవ్వు తరిగిపోవులోగా చోటు వెదకుకొనవలెను. రెండు చిన్న మీసములతో అడుగులు వేయుచు నేలను పరీక్షించును. నచ్చనిచో విడిచి ఈదిపోవును. నచ్చినచో సిమెంటువంటి జిగురు కార్చి, తలవైపున అంటుకొనును. ఆ పిమ్మట చచ్చువరకు కదలదు! సంతానము కలుగుటకు సాధారణముగా ప్రక్కనే మరియొక బార్నకిల్ ఉండవలెను. కావుననే పెద్దవాని పెంకులపైనుండు ఒక ప్రోటీను జాడ తగిలినచో సిప్రిడ్ అచ్చటనే నిలుచును.

మరి ఆ నేల దేనితో చేసినదైన దానికి ఇష్టము? మన రేవులలో నుండు ‘ఆంఫిట్రైట్’ జాతి, ప్రయోగశాలలో గాజువలె తడి చక్కగా పరచుకొను తలములను ఎక్కువగా కోరును. బాల్టిక్ సముద్రములోని ‘ఇంప్రొవైసస్’ జాతికి నీరంటని తలములే ప్రీతి. ఇంతటితో తీరలేదు. సముద్రములో శుభ్రమైన గాజు ఎంతసేపుండును? సిప్రిడ్ మీసమునకు ముందుగా తగులునది పాకుడే. కొన్ని బాక్టీరియాల పొర దానిని పిలుచును, కొన్నింటిది తరుమును. లేత పొర ఒక తీరు, ముదిరినది మరియొక తీరు. ఒక ప్రయోగశాల ఫలితము మరియొకదానితో కలియకుండుటకు ఇది ఒక ముఖ్య కారణము.

ఉపాధ్యాయులు గాజు పలక, పెంకుముక్క, చెక్క, రాగిరేకు దారములకు కట్టి, నీటి తొట్టిలో రెండు వారములు వ్రేలాడదీసి, గాజుపై పట్టిన పొరను సూక్ష్మదర్శినిలో చూపవచ్చును. తక్కినవానిని వ్రేలితో తడిమి పోల్చిన చాలును. సాధారణముగా రాగిపై పొర ఆలస్యముగా పట్టును.

ఈ గుణమును నావికులు ముందే ఎరుగుదురు. 1761లో ‘అలారం’ అను బ్రిటిషు యుద్ధనౌక అడుగున రాగిరేకులు తొడిగిరి. బార్నకిల్లు పట్టిన ఓడ నీటిని ఒరసికొనుచు నెమ్మదించి, ఇంధనము హెచ్చుగా త్రాగును. తరువాతి కాలమున తగరముతో కూడిన విషపు రంగులు వచ్చినవి. అవి బార్నకిల్లతోపాటు ఆల్చిప్పలను, నత్తలనుగూడ చెరచుటచే, 2008లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక వానిని నిషేధించినది. ఇప్పటి సిలికోను పూతలు చంపవు, పట్టు దొరకనీయవు. ఓడ వేగముగా సాగునప్పుడు నీటి ఒరిపిడికే జీవులు ఊడిపోవును. రేవులో నెలల తరబడి నిలిచిన ఓడకు మాత్రము ఈ ఉపాయము అంతగా అక్కరకు రాదు.