గుండె లయ చికిత్స తరువాత కోలుకోవడం: మొదటి మూడు నెలలు

ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- అబ్లేషన్ చికిత్స గుండెలో ఏమి చేస్తుందో వివరించగలుగుతారు.
- కోలుకునే కాలంలో సహజమైన ఇబ్బందిని, ప్రమాద సూచనను వేరు చేయగలుగుతారు.
- రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందును సొంతంగా ఎందుకు మానకూడదో చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఉద్యోగ విరమణ తరువాత నేను చండ్రుగొండలో ఉంటున్నాను. అరవై దాటాక నా గుండె లయ తప్పింది. హైదరాబాదులో అబ్లేషన్ చేయించుకుని ఇంటికి వచ్చాను. రెండో వారానికి ఒంట్లో హాయిగా ఉంది. ఇక జబ్బు పోయిందనుకుని మాత్ర మానేశాను. రెండు రోజుల తరువాత మా ఆవిడ మాత్రల అట్ట లెక్కపెట్టి నిలదీస్తే మళ్లీ మొదలుపెట్టాను. ఇరవయ్యో రోజు రాత్రి గుండె దడ తిరిగి వచ్చింది. చికిత్స వృథా అయిందని తెల్లవార్లూ కుమిలిపోయాను. బాగుంటే నయమైందనుకోవడం, దడ వస్తే విఫలమైందనుకోవడం రెండూ పొరపాట్లే. ఎందుకో చూద్దాం.

2. లయ ఎలా తప్పుతుంది?

కుడి కర్ణికలోని లయారంభకం విశ్రాంతిలో నిమిషానికి సాధారణంగా 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో కర్ణికల్లో అస్తవ్యస్తమైన సంకేతాలు పుట్టి, అవి సరిగా ముడుచుకోకుండా వణుకుతాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

ఈ సంకేతాలు చాలావరకు పుపుస సిరల నుంచి మొదలవుతాయని 1998లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యుడు మిషెల్ హైసగేర్, ఆయన సహచరులు చూపారు. అబ్లేషన్‌కు ఆధారం ఇదే. గజ్జలోని సిర ద్వారా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, పుపుస సిరల ద్వారాల చుట్టూ వేడితోగాని, అతిశీతలంతోగాని మచ్చ కట్టేలా చేస్తారు. మచ్చ కట్టిన కండరం గుండా విద్యుత్తు దాటదు.

3. మొదటి వారం

గజ్జలో కమిలిన మచ్చ, కొద్దిపాటి నొప్పి, నీరసం మామూలే. నీళ్ల బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తకూడదు. గొంతుక్కూర్చోవడం, బండి నడపడం ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుణ్ణి అడగాలి. నెమ్మదిగా ఇంట్లో నడవవచ్చు. గజ్జ నుంచి రక్తం కారితే పడుకుని, మరొకరి చేత ఆ చోట పది నిమిషాలు ఎత్తకుండా గట్టిగా నొక్కించాలి. ఆగకపోయినా, వాపు పెరుగుతున్నా 108కి ఫోన్ చేయాలి.

4. దడ తిరిగి వస్తే

గుండెలో చేసిన గాయం మానడానికి వారాలు పడుతుంది. ఆ వాపు వల్ల తొలి రెండు మూడు నెలల్లో దడ రావచ్చు. అది వచ్చినంత మాత్రాన చికిత్స విఫలమైందని తేల్చరు. కొందరికి మాత్రం తరువాత మరోసారి చికిత్స అవసరమవుతుంది. దడ వచ్చినప్పుడు కూర్చుని, మణికట్టు దగ్గర నాడిని పూర్తి నిమిషం లెక్కించి, తేదీ, సమయం, ఎంతసేపు ఉందో నోటు పుస్తకంలో రాయాలి. నా విషయంలో వైద్యుడికి ఎక్కువగా ఉపయోగపడింది ఆ పుస్తకమే. దడ తగ్గకుండా కొనసాగితే వైద్యుడికి ఫోన్ చేయాలి.

5. మాత్ర ఎందుకు మానకూడదు?

మానుతున్న గాయం మీద కూడా రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే లయ కుదిరినా కనీసం రెండు మూడు నెలలు ఈ మందు వాడాలి. ఆ తరువాత కొనసాగించాలా అన్నది దడ ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు. వయస్సు, బీపీ, షుగరు, గుండె బలహీనత, పూర్వం వచ్చిన పక్షవాతం వంటి అంశాలను బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. కొత్త రకం మందుల ప్రభావం ఒక రోజు మానేసినా తగ్గిపోతుంది. వార్ఫరిన్ వాడేవారు రక్తపరీక్షలు తప్పకూడదు. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలను ఒక వారం ఎక్కువగా, ఒక వారం అసలు లేకుండా కాక ఒకే మోతాదులో తినాలి. మోకాళ్ల నొప్పికి ఊళ్లో దొరికే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, సూదిమందులు ఈ మందుతో కలిస్తే రక్తస్రావ ప్రమాదం పెరుగుతుంది.

6. ఆలస్యం చేయకూడని సూచనలు

- మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం.
- స్పృహ తప్పడం, తీవ్రమైన ఛాతీ నొప్పి, ఆయాసం.
- కొన్ని వారాల తరువాతైనా జ్వరం, మింగేటప్పుడు నొప్పి. ఇది అన్నవాహికకు తగిలిన అరుదైన, ప్రాణాంతకమైన గాయం కావచ్చు.

చండ్రుగొండ వంటి చోట పెద్దాసుపత్రి దూరం కాబట్టి తెల్లవారనిద్దామని ఆగకూడదు. అక్కడి వైద్యుడికి ముందుగా చెప్పవలసిన మాట: “నాకు గుండెకు అబ్లేషన్ జరిగింది.” డిశ్చార్జి కాగితం, మాత్రల అట్ట వెంట ఉండాలి. ఈ సంగతి తెలియకుండా ఎండోస్కోపీ చేస్తే హాని పెరగవచ్చు.

7. సారాంశం

చికిత్స కొన్ని గంటల్లో ముగుస్తుంది. మానడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో మన ఒంటికి తోచినదాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు. దడను రాసిపెట్టాలి, మాత్రను వేళకు వేసుకోవాలి, ప్రమాద సూచన కనబడితే వెంటనే బయలుదేరాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అబ్లేషన్ తరువాత తొలి నెలల్లో దడ ఎందుకు రావచ్చు?
2. లయ కుదిరినవారు కూడా మందు ఎందుకు కొనసాగించాలి?
3. మీ ఇంట్లోని పెద్దవారి నాడిని పూర్తి నిమిషం లెక్కించి, అది క్రమంగా ఉందో లేదో రాయండి.