మిసో: ఔషధమా? ఉప్పు ముద్దా?

జపానులోని నగోయా నగరంలో మా అమ్మాయి ఇంట నెల రోజులు గడిపాను. అక్కడి సాంప్రదాయిక భోజనంలో అన్నం ప్రక్కన ‘మిసో’ చారు ఉంటుంది. జీర్ణశక్తికి మంచిదని విని, రోజుకు మూడు గిన్నెలు త్రాగాను. పది రోజులకు పాదములు వాచినవి. పరీక్ష చేయించగా, మందులతో అదుపులో ఉన్న రక్తపోటు పెరిగి ఉన్నది. అప్పుడే మిసో గుణదోషములను శ్రద్ధగా తెలుసుకొన్నాను.

తయారీ విధానం

సోయా గింజలను నానబెట్టి, ఉడికించి, మెత్తగా నూరి, ఉప్పు, ‘కోజి’ కలిపి తొట్టెలలో పులియబెడతారు. బియ్యం, బార్లీ లేక సోయాపై ‘ఆస్పర్‌జిల్లస్ ఒరైజే’ అను బూజును పెంచినదే కోజి. పాలకు మజ్జిగ తోడు వంటిదని భావించవచ్చును. ఇందలి ఎంజైములు మాంసకృత్తులను అమైనో ఆమ్లములుగాను, పిండిపదార్థమును చక్కెరలుగాను విడగొట్టును. కనుకనే రుచి, సులభంగా అరుగు గుణం కలుగుతాయి.

క్యోటో ప్రాంతపు తెల్ల మిసో కొద్ది వారములలోనే సిద్ధమగును; తియ్యగా ఉండును, ఉప్పు తక్కువ. నగోయాకు చేరువనున్న ఒకజాకి పట్టణపు ‘హచ్చో’ మిసోను సోయా, ఉప్పు, నీటితో మాత్రమే చేసి, పెద్ద కొయ్య తొట్టెలలో రాళ్ళ బరువు క్రింద రెండేళ్ళకు పైగా మాగబెడతారు.

ప్రాచీన వైద్యంలో స్థానం

1697లో జపానులో వెలువడిన ‘హోన్‌చో షొక్కన్’ అను ఆహార వైద్య గ్రంథం మిసో ఉదరమునకు, రక్త ప్రసరణకు మేలు చేయునని ప్రశంసించినది. చైనా వైద్యులు పులియబెట్టిన సోయా గింజలను (డౌచి), గార్డీనియా కాయలను కలిపి కషాయం కాచి, జ్వరానంతరం కలుగు గుండె కలతకు, నిద్రలేమికి ఇచ్చేవారు. అయితే ఒక్క విషయం గమనించవలెను. ఔషధముగా వాడు డౌచి ఉప్పు లేనిది. వంటలో వాడు మిసో ఉప్పుతో కూడినది.

పిప్పలి, క్షారం, లవణం అను మూడింటిని అతిగా సేవించరాదని చరక సంహిత హెచ్చరించినది. ఎర్ర మిసోలో నూటికి 11 నుండి 13 పాళ్ళు ఉప్పే. గిన్నెడు చారుకు 12 గ్రాముల మిసో వేసిన, సుమారు ఒకటిన్నర గ్రాముల ఉప్పు లోనికి పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి రోజంతటికీ 5 గ్రాములకు లోపే! నేను త్రాగిన మూడు గిన్నెలతోనే అది దాదాపు నిండిపోయినది.

మిసోకు పేరొందిన నగానో ప్రాంతం ఒకప్పుడు పక్షవాత మరణములు అధికంగా గలది. అక్కడివారు 1980లలో ఉప్పు తగ్గించు ఉద్యమం సాగించారు. మిసోను విడువలేదు, చారులో కూరగాయలు పెంచి, ఉప్పదనం తగ్గించారు. అనంతరం ఆ ప్రాంతం దీర్ఘాయుష్షుకు ప్రసిద్ధమైనది.

వాడు విధానం

ముల్లంగి, క్యారట్, గుమ్మడి ముక్కలను ఉడికించి, పొయ్యి ఆర్పిన తరువాత ఒక్కొక్కరికి ఒక చిన్న చెంచా మిసో కలపవలెను. మరిగించిన సువాసన పోవును. వేరుగా ఉప్పు వేయరాదు. జపాను చారులో తరచుగా చేపల రసం ఉండును గనుక శాకాహారులు విచారించి తీసుకొనవలెను. సోయా పడనివారు మానవలెను. రక్తపోటు, మూత్రపిండ వ్యాధులు గలవారు వైద్యుని సలహా పొందవలెను.

ప్రస్తుతం నేను వారమునకు రెండుసార్లు, పలుచగా త్రాగుచున్నాను. ఆ పూట విస్తరిలో ఆవకాయ, అప్పడం ఉండవు. మిసో గుణం పులియుటలో ఉన్నది. దోషం మోతాదు మరచుటలో ఉన్నది.